అడ్డుతెర పట్టిన చెయ్యి

మా తమ్ముడు నన్ను చెరిపేసిన ప్రతిసారీ జనం చప్పట్లు కొట్టేవారు.

కొట్టరా మరి! వచ్చేదంతా మావాళ్ళే. పెళ్ళి వీడియోలు తీసేవాళ్ళు, మిక్సింగ్ చేసేవాళ్ళు, ఆల్బమ్‌లు వేసేవాళ్ళు. భీమవరం నుంచీ ఒంగోలు నుంచీ నూజివీడు నుంచీ భుజాన కెమెరా సంచులు తగిలించుకుని ఎక్స్‌పోకి వచ్చేవారు. స్టాల్ స్టాల్‌కీ తిరిగి, ఊరికే ఇచ్చే టోపీలు పెట్టుకుని, డ్రోన్లు ఎగరేసి చూసి, చివరికి మా దగ్గర ఆగిపోయేవారు. నడుస్తున్న వీడియోలోంచి ఒక మనిషిని తీసెయ్యడం ఎంత చాకిరీయో వాళ్ళకి తెలుసు. మనిషి పోయినచోట ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీ మీద ఎన్ని పూలదండలు అతికించినా చూసేవాడి కన్ను అక్కడికే పోతుంది.

హైదరాబాదులోని వర్ణ సాఫ్ట్ అనే కంపెనీ ఆ ఖాళీని పూడ్చే సాఫ్ట్‌వేర్ తయారుచేసింది. దాని పేరు 'నిండు'. ఊరూరా ఎక్స్‌పోల్లో దాన్ని చూపించి అమ్మే ఉద్యోగం మా తమ్ముడు ఫణీంద్రది. వాడి పక్కన బొమ్మలా నిలబడే ఉద్యోగం నాది.

నేను ముదురాకుపచ్చ పట్టుచీర కట్టుకుని, జనం వైపు తిరిగి, నవ్వుతూ నిలబడేదాన్ని. నా వెనక గోడంత స్క్రీన్. దాని మీద ఫణి పెళ్ళి. వాడు మైకు పుచ్చుకున్నాడంటే ఇక చెవులు అప్పగించాల్సిందే.

"అన్నలూ, తమ్ముళ్ళూ! ఇదిగో మా అక్క హైమవతి. ఇక్కడుంది. అదిగో, స్క్రీన్ మీదా ఉంది. అదే చీర, అదే మనిషి. నా పెళ్ళికి అడ్డుతెర పట్టుకుంది మా అక్కే. ఆ రోజు నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. ఇప్పుడు మా అక్కని తీసేస్తున్నా. తెర జారిపోద్దా, నిలబడుద్దా? కళ్ళార్పకుండా చూడండి!"

బటన్ నొక్కేవాడు. తర్వాత చప్పట్లు, ఈలలు.

"అక్కగారూ, మీరు లేరండీ!" అని ఎవరో ఒకరు అరిచేవారు.

"పోతే పోయాను, సాఫ్ట్‌వేర్ కొనండి బాబూ!" అని నేను అనేదాన్ని. అది కూడా డెమోలో భాగమే.

నేను వెనక్కి తిరిగి చూసేదాన్ని కాదు. డెమోలో నా పని జనం మొహాలు చూడటం, ఎవరి కళ్ళలో ఆశ పుట్టిందో కనిపెట్టి వాళ్ళ చేతిలో కాగితం పెట్టడం. అదీగాక, నేను మాయమైపోవడం నాకు చూడబుద్ధయ్యేది కాదు. పెద్ద కారణమేమీ లేదు, ఒళ్ళు జలదరించేదంతే. ఆ జలదరింపే నన్ను కాపాడిందని తర్వాత తెలిసింది.

మా పెళ్ళే ఎందుకు పెట్టామంటే, మా వృత్తిలో ఒక కట్టుబాటుంది. కస్టమరు పెళ్ళిని పరాయివాళ్ళకి వేసి చూపించకూడదు. అందులో ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారో, ఎవరు విడిపోయారో, ఎవరు పోయారో మనకేం తెలుసు? కంపెనీవాళ్ళు ఏదో ఒక పెళ్ళి పెట్టుకోమంటే, "మర్యాద కాదు సార్, మా ఇంటిదే పెడతాం" అన్నాం ఇద్దరం. మర్యాదకి పోయి కొంప ముంచుకున్నాం.

ఆ పెళ్ళినాటి మాట ఒకటి చెప్పాలి. అమ్మ పోయాక వాడిని పెంచింది నేను. గాంధీనగర్లో నా మిక్సింగ్ షాపులో పక్కన స్టూలు వేసి పని నేర్పింది నేను. కాబట్టి అడ్డుతెర ఒక కొస నేనే పట్టుకుంటానని పట్టుబట్టాను. రెండో కొస కుసుమ వాళ్ళ పిన్ని పట్టుకుంది. కుసుమంటే మా మరదలు. పెళ్ళిళ్ళ సీజన్లో మావాళ్ళెవరూ ఖాళీగా దొరక్క లైట్లు కూడా నేనే బిగించాను. లైట్ స్టాండ్ మర బిగిస్తుంటే ఎడమచేతి బొటనవేలు నలిగి గోరు ఊడింది. పసుపు అద్ది గుడ్డపీలిక చుట్టుకుని, దానితోనే తెర ఎత్తి పట్టుకున్నాను. కెమెరా కుసుమ వైపు ఉంది. పక్కనుంచి నేను కనబడతాను గానీ, తెర పట్టిన చేతిలో నాలుగు వేళ్ళే అంచు మీదుగా అటు కనబడతాయి. బొటనవేలు ఫణి వైపు ఉండిపోయింది. 'నిండు' నన్ను తీసేసినప్పుడు ఆ కొసని ఎవరో ఒక ముత్తయిదువ చేతికి అందించేది. తెర ఇంచు కూడా జారేది కాదు.

*

తిరుపతి ఎక్స్‌పో అయ్యాక ఫణి పెళ్ళిరోజు వచ్చింది. నేను వాడికిష్టమైన పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకుని పటమటలో వాళ్ళింటికి వెళ్ళాను. బయట స్టాళ్ళూ సన్మానాలూ అయితే ఏం, ఇంట్లో మాత్రం పాతికసార్లు కొట్టుకుంటేగానీ తిరగని పాత ఫ్యానే. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని నేను ఆటపట్టిస్తే కుసుమ నవ్వి విస్తరాకులు వేసింది.

భోజనాల దగ్గర ఫణి ఉన్నట్టుండి అన్నాడు.

"పెళ్ళిరోజుకి మాత్రం తప్పకుండా వస్తావక్కా నువ్వు. పెళ్ళికే రాలేదుగానీ."

నేను వేళాకోళం అనుకున్నాను. "రాకపోతే నీ చెవులు పట్టి పీటల మీద కూచోబెట్టింది ఎవర్రా, మీ మామా?"

వాడు నవ్వలేదు. చేతిలో ముద్ద ఆకులో పెట్టేశాడు.

"ఇన్నేళ్ళూ అడగలేదు. ఇవాళ అడుగుతున్నా. అదే ముహూర్తానికి ఏలూరులో ఎవరిదో షూటింగ్ ఒప్పుకున్నావు. తమ్ముడి పెళ్ళికంటే ఆ పరాయి పెళ్ళి ఎక్కువైపోయిందా నీకు? అమ్మ లేదు, నువ్వన్నా ఉంటావనుకున్నా. పీటల మీద కూచుని గుమ్మం వైపు ఎన్నిసార్లు చూశానో తెలుసా?"

వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అబద్ధమాడేవాడి మొహం కాదది. నిజంగా బాధపడుతున్నాడు నా తమ్ముడు, నేను చెయ్యని తప్పుకి.

"ఏంటండీ మీరు!" అంది కుసుమ. "వదిన రాకపోవడమేంటి? తెర పట్టుకుంది వదినే కదా!"

"తెర మీ పిన్నీ, ఇంకో ముత్తయిదువా పట్టుకున్నారు."

"మరి ఆ వీడియోలో ఉన్నది ఎవర్రా?" అన్నాను. "ఊరూరా చెరిపేస్తున్నావు కదరా నన్ను! లేనిదాన్ని ఎలా చెరుపుతావు?"

వాడు నా వైపు జాలిగా చూశాడు.

"డెమోకి ఎవరో ఒకర్ని తియ్యాలి కదా అని కంపెనీవాళ్ళు ముందు నిన్ను అందులో కలిపారు. మర్చిపోయావా అక్కా?"

*

మర్నాడే వాణ్ణి షాపుకి పిలిచి, కెమెరా కార్డులోంచి దించిన అసలు ఫుటేజీ వేశాను. కోతలేదు, రంగు దిద్దలేదు, పాట కలపలేదు. పంతులుగారి దగ్గూ, ఎవరో పిల్ల ఏడుపూ, అన్నీ ఉన్నాయి. అందులో నేనున్నాను, ఆకుపచ్చ చీరలో, మునికాళ్ళ మీద లేచి తెర పట్టుకుని.

ఫణి దగ్గరగా వంగి చూశాడు. అలవాటుకొద్దీ నా చీర అంచులూ, నా నీడా పరీక్షించాడు.

"బాగా కలిపావక్కా," అన్నాడు. "నీడ కూడా సరిగ్గా పడింది. నీ చెయ్యే వేరు."

నాకు ఒళ్ళు మండిపోయింది. లాగి చెంప మీద ఒకటి ఇద్దామనుకున్నాను. కానీ ఏమని తిట్టను? వీడియో కంటే సాక్ష్యం లేదని ఊరంతా నమ్ముతుంది. వీడియోని ఎలాగైనా మార్చొచ్చని నమ్మేది మేమే. ఆ సంగతి వాడికి నేర్పిందీ నేనే.

"ఒరేయ్, పోనీ ఇది చెప్పు. మిక్సింగ్ నీకు నేర్పిందెవరు?"

"ఎవరు నేర్పాలి? చూసి చూసి నేర్చుకున్నా."

తీగ లాగితే డొంకంతా కదులుతుందంటారు. పెళ్ళి ఒక్కటే కాదు, పెళ్ళిని పట్టుకుని వేలాడే మిగతావీ పోతున్నాయి. కుసుమ ఆ సాయంత్రం వాడికి ఒట్టేసి మరీ చెప్పింది. వాడు విన్నాడు. మంచివాడే పాపం, పోట్లాడలేదు.

"సరే, ఇద్దరూ అంటున్నారు కదా. ఉందనే అనుకుంటాను," అన్నాడు.

ఆ 'అనుకుంటాను' అన్నమాట నాకు తగిలినంతగా ఆ ఏలూరు షూటింగ్ కూడా తగల్లేదు.

*

హైదరాబాదు వెళ్ళి డాక్టర్ ఇందుమతిగారిని కలిశాను. 'నిండు' కనిపెట్టింది ఆవిడే. నలభై దాటిన మనిషి, పెద్దగా మాట్లాడదు, లాబొరేటరీలో చెప్పులు విప్పి తిరుగుతుంది. నేను చెప్పిందంతా ఓపిగ్గా విని, తల అడ్డంగా ఊపింది.

"హైమవతిగారూ, ఇది బొమ్మల్ని మారుస్తుంది. మనుషుల్ని మార్చదు. మీ తమ్ముడిని డాక్టరుకి చూపించండి."

"మీరు చేసిందాన్ని చూసి చూసి ఇలా అయితే, ఇంకో డాక్టరు దగ్గరికెందుకమ్మా వెళ్ళడం?"

ఆవిడ నొచ్చుకోలేదు. ఆలోచనలో పడి, కుర్చీ లాక్కుని వివరించడం మొదలుపెట్టింది. తీసేసిన ఖాళీని ఎంత బాగా పూడ్చినా, ఆ వేడుకకి స్వయంగా వెళ్ళినవాళ్ళ కన్ను అక్కడే తచ్చాడేదట. అందుకని ఆవిడ కంటికి ఆనని చిన్న చిన్న మెరుపుల్ని అతుకు చుట్టూ పేర్చింది. అవి కన్నుని బుజ్జగించి పక్కకి మళ్ళిస్తాయి. అంతే, ఎవరికీ ఏ అనుమానమూ రాదు.

"కన్ను ఒక్కటే మళ్ళుతోందనుకున్నాను ఇన్నాళ్ళూ," అంటూ ఆవిడ ఆగిపోయింది. "నేను కూడా చాలాసార్లు చూశాను. నా టెస్ట్ క్లిప్ నాదే. మా కాలేజీ చివరిరోజు తీసింది. దాని మీదే నెలల తరబడి పరీక్షించాను."

"అందులో ఎవర్ని తీసేశారు?"

ఆవిడ వెంటనే కుర్చీ తిప్పి, కంప్యూటర్లో వెతికి అసలు ఫుటేజీ తెరిచింది. ఇద్దరం చూశాం. కాలేజీ మెట్ల మీద కుర్రతనపు ఇందుమతి. ఆవిడ మెడ చుట్టూ చెయ్యి వేసి, చెంపకి చెంప ఆనించి, పగలబడి నవ్వుతున్న మరో పిల్ల. రెండు జడలు, ముక్కున తెల్లరాయి. "ఇందూ, నన్ను మర్చిపోయావో చంపేస్తా!" అంటోంది ఆ పిల్ల కెమెరాలో.

ఇందుమతిగారు ఆ క్లిప్‌ని మళ్ళీ వేసింది. మళ్ళీ వేసింది.

"ఎవరీ అమ్మాయి?" అంది నన్ను చూసి, నాకేదో తెలిసినట్టు.

ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది.

తేరుకుని చెప్పింది. జ్ఞాపకం రాతిమీద గీత కాదట. బయటికి తీసిన ప్రతిసారీ తడిపిండిలా మెత్తబడుతుందట. మళ్ళీ గట్టిపడేలోపు ఏ వేలు తగిలితే ఆ ముద్రే పడుతుంది. స్టాల్లో ఫణి చేసింది అదే. "ఆ రోజు నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది" అని ప్రతిసారీ మనసారా గుర్తు తెచ్చుకునేవాడు, ఆ మెత్తటి క్షణంలోనే స్క్రీన్ మీద నన్ను చెరిపేసేవాడు. ఖాళీ అయినచోట మనసే ఒక కథ అల్లుకుంది. ఏలూరు షూటింగ్ అలా పుట్టింది.

"తిరిగి రాదా?"

"పోయింది రాదు. కావాలంటే మిమ్మల్ని కొత్తగా అతికించి చూపించొచ్చు. పదేపదే చూస్తే నమ్ముతాడు."

"అప్పుడు వాడికి గుర్తుండేది నేనా, మీ మిక్సింగా?" అన్నాను.

"ఒకటి మాత్రం చెప్పగలను," అంది. "కెమెరా చూసినదాన్నే నిండు తుడుస్తుంది. వచ్చేవారం లాంచ్ ఉంది. మూడు రోజులు, గంటగంటకీ డెమో. ఆ మూడు రోజులూ చూశాడంటే ఈ చీరనీ మీ గొంతునీ పట్టుకుని ఉన్నవన్నీ పోతాయి. ఆ తర్వాత కూడా మీరు అతనికి తెలిసే ఉంటారు. స్టాల్లో పక్కన నిలబడే మనిషిగా. అక్కగా కాదు."

ఇద్దరం కంపెనీ యజమాని భార్గవ్‌గారి గదికి వెళ్ళాం. ఆయన శ్రద్ధగానే విన్నాడు. కాఫీ తెప్పించాడు. అంతా విన్నాక కళ్ళు మెరిశాయి.

"మేడమ్, విడాకులైనవాళ్ళు ఎంతమంది, గొడవపడి విడిపోయినవాళ్ళు ఎంతమంది? మర్చిపోవడానికి డబ్బిస్తామనేవాళ్ళు క్యూ కడతారు. దీన్ని లోపమంటారేంటి మీరు?"

"నా తమ్ముడి తలలోంచి నేను పోతున్నాను సార్," అన్నాను.

"అయ్యో, లాంచ్ ఒక్కటీ కానివ్వండమ్మా. తర్వాత ఇంకో క్లిప్ పెట్టుకుందాం. ఈ పెళ్ళి క్లిప్పుతో ఫణికి చెయ్యి తిరిగింది. ఇప్పటికిప్పుడు మార్చలేం."

అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు పట్టుకునే రకం ఆయన. ఆ రోజు కాళ్ళ వంతు నాది. పట్టుకున్నాను కూడా. ఆయన కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

ఇక మిగిలింది ఫణి. వాడు మానేస్తే చాలు. లాంచ్‌కి ముందురోజు కుసుమనీ వెంటబెట్టుకుని వాడికి అంతా చెప్పాను.

"నాకు నాలుగూళ్ళలో పేరొస్తుంటే నీకు కడుపుమంటా అక్కా?" అన్నాడు ముందు. తర్వాత కుసుమ ఏడవడం చూసి మెత్తబడ్డాడు. "సరే, డాక్టరుగారు కూడా చెప్పారు కాబట్టి నిజమే అయ్యుంటుంది. కానీ ఇంకో మూడు రోజులు చేస్తే కొత్తగా పోయేదేముంది? నాకేం లోటనిపించట్లేదే!"

అదీ దారుణం. పోగొట్టుకున్నవాడికి పోయిందని తెలియదు. తెలిసిందల్లా నాకే. కుసుమ ఎర్రబడ్డ కళ్ళతో నన్ను ఆటో దాకా సాగనంపి, "వదినా, రేపు మీరు వెళ్ళకండి, చూళ్ళేరు" అంది. వెళ్ళకుండా ఎలా ఉంటాను? నేను లేకపోయినా స్క్రీన్ మీద చెరిగేది నేనే కదా.

*

తర్వాత ఏమైందో ముందే చెప్పేస్తాను. 'నిండు' ఆగలేదు. ఇంకెవరో, ఇంకేదో పెళ్ళి పెట్టి, ఇంకో ఊళ్ళో చూపిస్తూనే ఉన్నారు. మర్చిపోవాలనుకునేవాళ్ళు నిజంగానే క్యూ కట్టారు. భార్గవ్‌గారి లెక్క తప్పలేదు. నేను చెప్పేది ఆ ఒక్క ఉదయం సంగతి.

హాలు కిటకిటలాడుతోంది. గోడంత స్క్రీన్‌కి ఎర్రటి పట్టుగుడ్డ కప్పారు, ఫణి లాగి ఆవిష్కరించడానికి. నేను ఆకుపచ్చ చీరలో నా చోట నిలబడ్డాను. ఇందుమతిగారు వేదిక పక్కన అతిథుల వరసలో కూర్చుంది. ఒళ్ళో చేతులు పెట్టుకుని, మెట్ల మీది ఆ పిల్లనే తలుచుకుంటున్నట్టు ఎటో చూస్తోంది.

రాత్రంతా అదే క్లిప్పు వేసుకుని రిహార్సల్ చేసిన ఫణి మైకు పుచ్చుకున్నాడు. అదే నవ్వు, అదే హుషారు. పట్టుగుడ్డ లాగాడు. అది జారి నా కాళ్ళ దగ్గర కుప్పగా పడింది. స్క్రీన్ మీద పెళ్ళిపందిరి వెలిగింది.

"అన్నలూ, తమ్ముళ్ళూ! ఇదిగో..." అని నా వైపు చెయ్యి చాపి, ఒక్క క్షణం ఆగాడు. వాడి కళ్ళు నా మొహం మీద వెతుక్కున్నాయి. "ఇదిగో, ఈవిడ హైమవతిగారు."

హైమవతిగారు!

నేనేమీ ఆలోచించలేదు. వంగి ఆ పట్టుగుడ్డ ఒక కొస అందుకున్నాను. ఫణికీ స్క్రీన్‌కీ మధ్యకి నడిచి ఎత్తి పట్టుకున్నాను. ఒంటిచేత్తో ఏం నిలుస్తుంది? రెండో కొస నేల మీద ఈడ్చుకుంటోంది. భార్గవ్‌గారు లేచి, "ఏంటిది, ఎవరక్కడ, ఆవిడ్ని పక్కకి..." అంటున్నాడు. అంతలో ఇందుమతిగారు చెప్పులు వదిలేసి వేదిక ఎక్కింది. ఆ రెండో కొస తీసి, నాకంటే ఎత్తుగా పట్టుకుంది. నన్ను చూడలేదు, యజమానినీ చూడలేదు. తెర నిలబడింది.

జనం ఇదీ డెమోనే అనుకున్నారు. అడ్డుతెర కనబడితే కెమెరా ఎత్తకుండా ఉండలేని జనం వాళ్ళు. హాలంతా ఒక్కసారి కెమెరాలు లేచాయి. "గట్టిమేళం!" అని ఎవడో అరిచాడు. నవ్వులు. తెరకి అవతల స్క్రీన్ మీద నేను చెరిగిపోతూనే ఉన్నానేమో, నాకు తెలియదు. తెరకి ఇవతల ఫణి ఒక్కడే ఉన్నాడు.

"తప్పుకోండి," అన్నాడు మైకు కిందికి దించి. "పరువు తియ్యకండి అందరిముందూ."

నేను కదల్లేదు. చేతులు లాగేస్తున్నాయి. వయసు మీద పడింది కదా, అప్పటంత సత్తువ లేదు. గుడ్డ అంచు మీద నా పిడికిలి బిగించాను. నాలుగు వేళ్ళూ స్క్రీన్ వైపు, బొటనవేలు వాడి వైపు. ఆ వేలిగోరు ఊడి మళ్ళీ వచ్చినప్పుడు వంకరగా వచ్చింది. ఇప్పటికీ అలాగే ఉంది.

వాడి చూపు అక్కడ ఆగింది.

గుడ్డని పక్కకి తొయ్యబోయిన చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. వాడు కొంచెం ముందుకు వంగాడు. పీటల మీద కూర్చున్నవాడు తల ఎత్తి చూసినట్టు చూశాడు ఆ వేలిని.

"దీనికి గుడ్డ ఉండాలి," అన్నాడు చాలా మెల్లగా. "పసుపు గుడ్డ."

నేను గుడ్డ ఇంకాస్త ఎత్తాను.

"తెర మీద ఒక బొటనవేలు ఉండేది," అన్నాడు. "పసుపు గుడ్డ చుట్టి. గుడ్డలోంచి రక్తం ఊరుతోంది. ఎవరిదో నాకు తెలీదు. పెళ్ళి తలుచుకున్నప్పుడల్లా ఆ వేలొక్కటే కనబడుద్ది. మనిషి కనబడదు. కుసుమ వాళ్ళ పిన్నిది కాదు. ఎవరిదా అని..." వాడు ఇంకాస్త దగ్గరికి జరిగాడు. "నొప్పిగా ఉందా అని అడిగా. పంతులుగారు మంత్రం చదువుతుంటే మెల్లగా అడిగా. 'నోర్మూసుకుని ముహూర్తం చూస్కోరా' అంది."

ఆ మాట నేను అన్నానన్న సంగతే నాకు గుర్తులేదు. నిజంగా లేదు. నేను ఎప్పుడో పారేసుకున్నదాన్ని వాడు దాచిపెట్టుకున్నాడు. ఏ కెమెరా దాన్ని చూడలేదు. అందుకే ఎవరూ తుడవలేకపోయారు.

ఆ పెళ్ళిలో నా మొహం వాడికి ఇక దొరకలేదు. ఇవాళ్టికీ దొరకలేదు. షాపులో స్టూలూ రాలేదు, అమ్మ పోయినప్పటి అన్నం ముద్దలూ రాలేదు. ఒక్క బొటనవేలు మిగిలింది.

ఫణి చెయ్యి ఎత్తి, రెండు వేళ్ళతో ఆ వంకరగోరుని ముట్టుకున్నాడు.

"నొప్పిగా ఉందా?" అన్నాడు.

భార్గవ్‌గారి మనుషులు వేదిక మెట్లెక్కుతున్నారు. పక్కన ఇందుమతిగారు తెర దించలేదు. నేను కూడా దించలేదు.

"నోర్మూసుకుని నిలబడరా," అన్నాను.